తిథి చూసుకుని తీరానికి: కోనాడ నుంచి భావనపాడు దాకా

శివరాత్రి జాగారం ముగిసిన మర్నాడు మాఘ అమావాస్య. ఆటు వేళ ఉత్తరాంధ్ర తీరం మీద నడవడానికి ఏడాదిలో ఇంతకంటే మంచి వారం దొరకడం కష్టం. అమావాస్యకీ పున్నమికీ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే గీతలో పడుతుంది కాబట్టి పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. విశాఖ లెక్కల ప్రకారం ఆ రోజుల్లో రెంటికీ మధ్య ఎత్తు తేడా సుమారు 1.4 మీటర్లు. అష్టమి, నవముల్లో అది అర మీటరు దాటితే గొప్ప. దీనికి తోడు ఈ ఒడ్డున సముద్రమట్టమే ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. అక్టోబరు, నవంబరుల్లో పైకి లేస్తుంది, ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా కిందికి ఉంటుంది. కార్తీక అమావాస్యకి మునిగే ఉన్న రాళ్లు మాఘ అమావాస్యకి బయటపడేది అందుకే.

పంచాంగంతో రోజు తేలుతుంది గానీ గంట తేలదు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఆటుపోట్ల వేళలు, కెరటాల ఎత్తు రెండూ ముందుగానే ఇస్తుంది. ఆ పట్టికలో ఆటు మట్టం 0.3 మీటర్లు, అంతకన్నా తక్కువ ఉన్న రోజే ఎంచుకోవాలి. కెరటాలు మీటరు దాటేలా ఉంటే ఆటు ఎంత మంచిదైనా రాళ్ల జోలికి పోకూడదు.

నడకకి దారి చూపింది ఇద్దరు. ఒకాయన జాలరి, ఇంకొకరు జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మేడం. గుంపు పన్నెండుమందికి మించకూడదన్నది మేడం పెట్టిన షరతు. ఒక రాతి గుంట చుట్టూ నలుగురే పడతారు, ఐదో మనిషి కాలు గుంటలోనే పడుతుంది. మనిషికి రోజుకి మూడొందలు తీసుకున్నారు. అందులో సగం జాలరికి.

అమావాస్య, కోనాడ

ఈ తీరంలో అమావాస్య, పున్నములకి పోటు ఉదయం తొమ్మిది అటూ ఇటూ, ఆటు మధ్యాహ్నం మూడు లోపు వస్తుంది. పొద్దున్నే జాగారం కళ్లతో సముద్రస్నానానికి వచ్చిన జనంతో ఒడ్డు కిక్కిరిసి ఉంది. కొబ్బరిచిప్పలు, పూలు, తడిబట్టలు. రెండింటికల్లా నీరు లాగేసి ఆ తొక్కిడి అంతా పైన ఉండిపోయింది, కింద తుడిచినట్టున్న కొత్త ఇసుక బయటపడింది.

చంపావతి నది సముద్రంలో కలిసే చోటు ఇది. వేసవి దగ్గరపడే కొద్దీ నదిలో నీటి జోరు తగ్గుతుంది, కెరటాలు తెచ్చిన ఇసుక నోటి దగ్గర మేట వేస్తుంది. ఆ మేటకి లోపలివైపు, కెరటం తగలని తడి ఇసుక మీద చూడాల్సినవి ఇసుక ఉండలు చేసే చిన్న పీతలు. ఒక్కోటి గోరంత కూడా ఉండదు. బొరియ నుంచి బయటికి వచ్చి, పై పొర ఇసుకని డెక్కలతో నోట్లో వేసుకుంటుంది. ఇసుక రేణువులకి అంటుకున్న సూక్ష్మజీవుల్ని, కుళ్లిన పదార్థాన్ని నోట్లోనే వేరుచేసి మింగి, మిగిలిన ఇసుకని గుండ్రటి ఉండగా చేసి పక్కన పెడుతుంది. మూణ్ణాలుగు మిల్లీమీటర్ల ఉండలు, బొరియ నుంచి నలువైపులా గీతలుగా. మధ్యలో ఒక గీత మాత్రం ఖాళీగా వదులుతుంది. ఏదైనా నీడ పడితే పరుగెత్తి లోపలికి దూరే దారి అది.

ఇక్కడ నిలబడడం వస్తేనే ఏదైనా కనిపిస్తుంది. అడుగు అదురు తెలియగానే గజాల మేర ఉన్న పీతలన్నీ ఒకేసారి మాయమవుతాయి. కూర్చుని, నీడ వాటి మీద పడకుండా సూర్యుడికి ఎదురుగా తిరిగి, నాలుగైదు నిమిషాలు కదలకుండా ఉంటే మళ్లీ ఒక్కొక్కటే వస్తాయి. గుంపులో ఒక్కరు ఫోను పైకెత్తినా లెక్క మొదటికి వస్తుంది.

సాయంత్రం ఊళ్లో ఒకావిడ ఇంటి ముందు పొయ్యి మీద నెత్తళ్ల వేపుడు, చోడి అంబలి. ప్లేటు అరవై. అంబలిలోకి పచ్చి ఉల్లిపాయ, నంజుకోవడానికి ఎండు కవ్వళ్లు అడక్కుండానే పెట్టింది. ఎండలో నడిచినవాళ్లకి కూల్‌డ్రింకు కంటే అంబలే మేలు, ఉప్పూ నీరూ రెండూ దొరుకుతాయి.

పాడ్యమి, చింతపల్లి

ఆటు రోజుకి సగటున యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. అమావాస్య, పున్నమి చుట్టుపక్కల ఆ తేడా కాస్త తక్కువ, నలభై నిమిషాలు అనుకుంటే సరిపోతుంది. పైగా అమావాస్య నాటికంటే పాడ్యమి, విదియల్లోనే నీరు ఎక్కువ దిగడం మామూలు. అందుకే రాళ్ల తీరాన్ని ఈ రోజుకి ఉంచారు.

పూసపాటిరేగ దగ్గర హైవే దిగి ఆటోలో చింతపల్లి. ఆటు మూడు దాటాక. ఒకటిన్నరకే రాళ్ల దగ్గర ఉన్నాం, కానీ వెంటనే ఎవర్నీ దిగనివ్వలేదు. పావుగంట సేపు కెరటాలు చూడమన్నారు. కెరటాలు జట్లు జట్లుగా వస్తాయి, చిన్నవి కొన్ని వచ్చాక పెద్దవి రెండో మూడో. ఆ పెద్దది ఎంత దూరం తడుపుతుందో చూసుకుని, దానికి ఇవతలే నడవాలి.

"సముద్రానికి ఈపు సూపెట్టకండి బాబూ. కూకున్నా సరే మొకం అటే ఉండాల. ఒచ్చేదాన్ని సూసినోడు తప్పుకుంటాడు, సూడనోడిని అదే తీసుకుపోద్ది" అన్నాడు జాలరి. ఆయన మాత్రం ఉత్త కాళ్లతో నడిచాడు. మనకి అది కుదరదు. ఆలిచిప్పల అంచులు చర్మాన్ని కోస్తాయి, ఆ గాయాలు త్వరగా మానవు. హవాయి చెప్పులు తడి రాయి మీద జారతాయి, పగుళ్లలో ఇరుక్కుంటాయి. పాత కాన్వాసు బూట్లు, రబ్బరు అడుగు గట్టిగా ఉన్నవి సరైనవి. పచ్చగా నిగనిగలాడే నాచు మీద అసలు కాలు పెట్టకూడదు. పొడి రాయి, రాళ్ల మధ్య ఇసుక కాలవలు, ఇవే దారి.

రాళ్లని పైనుంచి కిందికి చదవాలి. ఎవరు ఎంతసేపు నీళ్లు లేకుండా బతకగలరో ఆ వరుసలోనే ఇక్కడ కాపురాలు. అన్నిటికన్నా పైన, కెరటం తుంపర మాత్రమే తగిలే పగుళ్లలో చిన్న చిన్న నత్తలు గుంపులుగా ఉంటాయి. మూత బిగించుకుని, జిగురుతో రాయికి అతుక్కుని రోజుల తరబడి ఉండగలవు. ఇంకో అడుగు దిగితే బార్నకిళ్ల తెల్ల పట్టీ. ఆ కింద ఆలిచిప్పలు. ఇంకా కిందికి శంకువు చిప్పల లింపెట్లు, ఎనిమిది పలకల వీపుతో కైటన్లు, ఆ తర్వాత నాచులు. అట్టడుగున, ఈ వారంలో తప్ప గాలి తగలని చోట, ఆకుపచ్చా గోధుమా రంగుల్లో తివాచీలా పరుచుకున్న జొవాంథిడ్లు, వాటి చుట్టాలైన సముద్రపు పువ్వులు. చూడటానికి పువ్వుల్లా ఉన్నా రెండూ జంతువులే.

బార్నకిల్‌ని చాలామంది చిప్పజాతి అనుకుంటారు. అది పీతకీ రొయ్యకీ చుట్టం. పిల్లగా ఉన్నప్పుడు ఈదుకుంటూ వచ్చి, తల రాయికి అతికించుకుని, చుట్టూ సున్నపు గోడ కట్టుకుంటుంది. ఆ తర్వాత ఇక కదలదు. పొడిగా ఉన్న బార్నకిల్ దగ్గర చూడటానికి ఏమీ లేదు, లోపలి తడి పోకుండా తలుపులు వేసుకుని ఉంటుంది. గుంటలో మునిగి ఉన్నదాన్ని వెతకాలి. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం నీటికి దగ్గరగా పెట్టి ఆగితే, పైన రెండు తలుపులు తెరుచుకుంటాయి, ఆరు జతల సన్నటి కాళ్లు బయటికి విచ్చుకుని నీళ్లని తోడి మూసుకుంటాయి. మళ్లీ తెరుచుకుంటాయి. ఆ కాళ్లతోనే తిండి పట్టుకుంటుంది. దాని మీద నీడ పడితే చాలు, తలుపులు టక్కున పడతాయి.

లింపెట్ దగ్గర మేడం అందర్నీ కూర్చోబెట్టింది. శంకువు ఆకారపు చిన్న చిప్ప, కింద ఒకే ఒక్క కండ పాదం. పోటులో తిరుగుతూ రాతి మీద నాచుని నాలుకతో గీకి తింటుంది. ఆ నాలుక మీది పళ్లలో ఇనుప ఖనిజం ఉంటుంది, లేకపోతే రాయిని గీకి గీకి అరిగిపోతాయి. తిన్నాక చాలా జాతులు తమ పాత చోటికే తిరిగొస్తాయి. ఏళ్ల తరబడి అక్కడే ఉండటంతో చిప్ప అంచు ఆ రాతి ఎగుడుదిగుళ్లకి సరిగ్గా సరిపోయేలా అరుగుతుంది, రాయి మీద చిప్ప కొలతకి ఒక గుండ్రటి మచ్చ ఏర్పడుతుంది. ఆ అతుకే దాని నీటి నిల్వ. సరదాకి బూటుతో తన్ని ఊడగొట్టి, మళ్లీ పక్క రాయి మీద పెడితే ఆ అంచు కలవదు, సందులోంచి తడి ఆరిపోయి ఎండకి చచ్చిపోతుంది. ఖాళీ మచ్చలు అక్కడక్కడా కనిపించాయి. వాటిని తన్నింది సముద్రం కాకపోవచ్చు.

గుంటల్లో చేతులు పెట్టేముందు సముద్రపు నీళ్లతోనే తడుపుకోవాలి. పొడి చెయ్యి మెత్తటి జీవుల పైజిగురుని లాగేస్తుంది. సన్‌స్క్రీన్, దోమల క్రీము రాసుకున్న చేతులు అసలే పెట్టకూడదు. మధ్యాహ్నం ఎండకి గుంటలోని నీళ్లు కడలి కన్నా వేడెక్కుతాయి, ఆవిరై ఉప్పూ పెరుగుతుంది. లోపలున్నవి అప్పటికే ఓర్పు చివర్న ఉంటాయి. తెల్ల ప్లాస్టిక్ ట్రేలో ఏదైనా పెట్టి చూడాలంటే నిమిషం చాలు, ఆ గుంటలోని జీవిని ఆ గుంటలోకే వదలాలి.

రాయి తిప్పడానికి ఒక పద్ధతి ఉంది. తలకాయంత కన్నా పెద్ద రాయి ముట్టుకోవద్దు. అవతలి అంచు పట్టుకుని మీవైపుకి లేపాలి. అప్పుడు కింద పాము గానీ, ఈల్ గానీ ఉంటే దానికి పారిపోయే దారి అటువైపు ఉంటుంది, మీకు రాయి అడ్డం ఉంటుంది. పది సెకన్లు చూసి, మెల్లగా, ఉన్న మొగంతోనే దించాలి. తలకిందులుగా వదిలేస్తే పైనున్న నాచు వెలుతురు లేక, అడుగునున్న గుడ్లూ పురుగులూ ఎండకీ పోతాయి. రెండు ప్రపంచాలు ఒకేసారి.

అలా లేపిన ఒక రాయి పక్కనే నాచులో సముద్రపు కుందేలు అనే మెత్తటి నత్తజాతి జీవి దొరికింది. అరచేతి పొడుగు, గోధుమరంగు మచ్చలు, తలమీద చెవుల్లాంటి రెండు కొమ్ములు. దాని వెనకాల నాచుకి చుట్టుకుని పసుపురంగు సేమ్యా ముద్ద. అవి గుడ్లు. ఒక్కో పోగులో వేలకొద్దీ. ముట్టుకుంటే ఊదారంగు సిరా వదులుతుంది, దాన్ని మళ్లీ తయారుచేసుకోవడం శ్రమ. కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు.

శంకువు ఆకారంలో, నున్నగా, అందమైన గీతలతో ఉన్న గుల్ల కనిపిస్తే చేత్తో తీయకండి. కోన్ నత్తల్లో కొన్ని సూదితో గుచ్చితే మనిషి ప్రాణానికే ముప్పు. లోపల నత్త ఉందో, సన్యాసి పీత ఉందో పైనుంచి చెప్పలేం. ఖాళీ గుల్లలూ అక్కడే ఉండాలి. సన్యాసి పీతకి సొంత గుల్ల లేదు, ఒళ్లు పెరిగిన కొద్దీ పెద్ద ఇల్లు వెతుక్కోవాలి. సంచుల్లో మనం ఏరుకొచ్చేవి వాటి ఇళ్లే. పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు, కొన్ని శంఖాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

ఆటు తిరిగాక తొందరపాటు అక్కర్లేదు గానీ లెక్క మరవకూడదు. ఆటు నుంచి పోటుకి సుమారు ఆరు గంటలు. ఎక్కాల్సిన ఎత్తులో మొదటి గంటలో పన్నెండో వంతే ఎక్కుతుంది, రెండో గంటలో రెండు వంతులు, మూడు నాలుగు గంటల్లో మూడేసి వంతులు. 1.4 మీటర్ల తేడా ఉన్న రోజున మూడో గంట ఒక్కదానిలో ముప్పై అయిదు సెంటీమీటర్లు. మొదటి గంటలో నీరు కదలనట్టే ఉంటుంది, జనం మోసపోయేది అక్కడే. వచ్చిన దారిలో లోతైన కాలవ ఏదైనా ఉంటే ముందు అది నిండుతుంది, నిలబడ్డ రాయి ఇంకా పొడిగానే ఉంటుంది. ఆటు తిరిగిన అరగంటకి అందర్నీ వెనక్కి మళ్లించారు.

విదియ, కళింగపట్నం

వంశధార సముద్రంలో కలిసే చోటు. లైట్‌హౌసు, విశాలమైన ఇసుక. రాళ్లు చూసిన కళ్లకి ఇక్కడ ఏమీ లేనట్టు అనిపిస్తుంది, ఎందుకంటే బతికేవన్నీ ఇసుక లోపల. ఇంట్లో వాడే పిండి జల్లెడ కాదు, కాస్త పెద్ద కన్నాలది, ఒక చిన్న పార చాలు. కెరటం వచ్చి వెనక్కి జారే పట్టీలో జానెడు లోతు ఇసుక తీసి, అక్కడే నీళ్లలో జల్లిస్తే గుడ్డు ఆకారపు పీతలు మిగులుతాయి. వాటికి పట్టే డెక్కల్లేవు. వెనక్కి వెనక్కి తవ్వుకుని ఇసుకలో దిగి, కెరటం తిరిగి పోయేటప్పుడు ఈకల్లాంటి మీసాలు చాచి తిండిని వడగడతాయి. తీసినవాటిని తడి ఇసుక మీద వదిలితే రెండు సెకన్లలో కనిపించవు.

జాలరి వల దగ్గర్నుంచి కుళ్లిన నెత్తల్లు రెండు తెచ్చి కెరటం అంచున పెట్టాడు. కాసేపటికి ఇసుకలోంచి నత్తలు లేచాయి. గుల్ల కంటే వెడల్పైన పాదం పరుచుకుని, కెరటం తోసినప్పుడు దాని మీద జారుతూ, వాసన పట్టుకుని చేపని చుట్టుముట్టాయి. ఒడ్డుకి కొట్టుకొచ్చిన చచ్చిన చేపలు రోజుల తరబడి కంపు కొట్టకపోవడానికి వీటి పనే చాలావరకు కారణం.

నీళ్లలో మోకాలి లోతు దిగేటప్పుడు అడుగులు ఎత్తి వెయ్యకూడదు, ఇసుకలో ఈడ్చుకుంటూ నడవాలి. టేకు చేప ఇసుక కప్పుకుని పడుకుంటుంది, కాలు తగిలితే పోతుంది, మీద పడితే తోకముల్లుతో పొడుస్తుంది. పొడిస్తే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో కాలు పెట్టి ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒడ్డున పడ్డ జెల్లీ చేప చచ్చినట్టున్నా దాని తంతువులు కుడతాయి. కుట్టిన చోట ఇసుకతో రుద్దడం, మంచినీళ్లు పోయడం రెండూ చేటే. సముద్రపు నీళ్లతో కడగాలి. వలల దగ్గర పారేసిన పాముల్ని పిల్లలు కర్రతో ఆడించడం కనిపిస్తుంది. సముద్రపు పాములు దాదాపు అన్నీ విషమున్నవే, తోక తెడ్డులా చదునుగా ఉంటే దూరం జరగండి.

దగ్గర్లోని తాబేళ్ల హేచరీ చుట్టూ వల కట్టి, లోపల గూడుకో పుల్ల పాతి ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టి పోతాయి. ఒక్కో గూట్లో వంద అటూ ఇటూ. కుక్కలు, నక్కలు తవ్వకుండా కాపలావాళ్లు తెల్లారకముందే వాటిని తెచ్చి, తల్లి తవ్విన లోతుకే, సుమారు అడుగున్నర, పాతిపెడతారు. తీసేటప్పుడు గుడ్డుని తిప్పకూడదు. పెట్టిన కొన్ని గంటలకే పిండం పైభాగానికి అతుక్కోవడం మొదలవుతుంది, తలకిందులైతే చచ్చిపోతుంది. పిల్లలు బయటికి రావడానికి ఏడెనిమిది వారాలు. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ. రాత్రి తీరాన తెల్ల టార్చిలైటు వేస్తే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది.

"మావోళ్లు కూర్మనాథుడనే దండం ఎడతారు. వలలో పడితే బొట్టెట్టి వదిలేస్తాం. పెద్ద బోట్ల వలల్లో పడ్డయి మటుకు ఒడ్డుకి శవాలే ఒస్తాయి" అన్నాడు జాలరి. తాబేలు గాలి పీల్చే జంతువు. గంటల తరబడి నీళ్ల కింద లాగే వలలో చిక్కితే మునిగి చస్తుంది. ఆ పొడవాటి ఇసుకలో అలాంటి శవం ఒకటి కనిపించింది, ఒంటిమీద గాయం లేదు.

తదియ, భావనపాడు

ఉదయం తేలినీలాపురం. ఊళ్లో చింతచెట్ల మీద గూడబాతులూ, పెయింటెడ్ స్టార్కులూ గూళ్లలో ఉన్నాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని బోర్డులూ పత్రికలూ చెబుతూనే ఉంటాయి. ఈ గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియాల పక్షి, మన దగ్గరే గుడ్లు పెట్టే మన పక్షి. దూరదేశం నుంచి నిజంగా వచ్చేవి బురద మీద పరుగులు తీసే చిన్న పిట్టలు, వాటిని ఎవరూ పట్టించుకోరు.

నౌపడ ఉప్పు మళ్ల గట్ల మీదుగా వెళ్తే దగ్గరని టీకొట్టు దగ్గర చెప్పారు. గట్టు మధ్యలో నీటికోసం తెగ్గొట్టి ఉంది. ఉప్పు లాగుతున్న ఆడవాళ్లు పని ఆపి, "అటుపోతే దారి నేదమ్మా, ఎనక్కెళ్లి పెద్ద గట్టెక్కండి" అని చెప్పారు. గట్ల మీద నడిచేటప్పుడు మళ్లలోకి చెప్పులతో దిగకూడదు, ఉప్పు తేరిన నేల మాసిపోతుంది.

ఇక్కడి ఆటు విషయంలో ఒక తేడా. ఉప్పుటేరులోకి నీరు ఇరుకు నోటి గుండా వచ్చిపోతుంది కాబట్టి సముద్రంలో ఆటు తిరిగాక కూడా ఏట్లో నీరు కిందికి పోతూనే ఉంటుంది. లోపలికి వెళ్లేకొద్దీ ఆలస్యం పెరుగుతుంది. పట్టికలో నాలుగున్నరకి ఉంటే బురద పూర్తిగా తేలేసరికి ఐదు దాటింది, పొద్దు వాలుతోంది.

ఫిడ్లర్ పీతల్లో మగవాటికి ఒక డెక్క ఒంటితో సమానమైనంత పెద్దది. తినడానికి అది పనికిరాదు, చిన్న డెక్కతోనే తినాలి. ఆడది రెండు చేతులా తింటుంటే మగది ఒంటిచేత్తో తింటూ, రెండోది పైకీ కిందికీ ఊపుతుంది. ఆ ఊపు ఆడపీతకి పిలుపు, పక్క మగదానికి బెదిరింపు. వాటి మధ్య మడ్‌స్కిప్పర్ చేపలు రొమ్ము రెక్కల మీద పాకుతూ కనిపించాయి. మొప్పల గదుల్లో నీళ్లు నింపుకుని, తడి చర్మంతో గాలి పీల్చుకుంటాయి. చర్మం ఆరకుండా మాటిమాటికీ బురదలో పొర్లుతాయి. కళ్లని గుంటల్లోకి లాక్కుని తడుపుకుంటాయి.

బురదలో మోకాలి దాకా దిగబడితే కాలు నిటారుగా లాగకూడదు, కింద గాలి లేక ఇంకా బిగుస్తుంది. వెనక్కి వాలి బరువు తీసేసి, మడమని అటూ ఇటూ కదిలిస్తే సందులోకి నీరు చేరి కాలు వదులవుతుంది. ఒకే చోట నిలబడితేనే దిగబడేది. గుల్లలు పరుచుకున్న చోటు గట్టిగా ఉంటుంది, నున్నగా మెరిసే చోటు మెత్తన. కర్ర ఒకటి చేతిలో ఉండాలి. బూట్లు ఏటి ఒడ్డునే కడుక్కోవాలి, ఇంటికి మోసుకొస్తే అందులోని ప్రాణాలన్నీ బకెట్లో చస్తాయి.

చీకటి పడ్డాక ఒడ్డున పాకలో మండపీతల ఇగురు, అన్నం, నూటయాభై. మిరియం, వెల్లుల్లి ఘాటుగా, చింతపండు లేకుండా. కడుపుకింద రెక్క విప్పితే గుడ్లతో ఉన్న ఆడపీతలు కనిపిస్తాయి, అలాంటివి బుట్టలో పడితే ఏట్లోకే వదిలేస్తానని వండిన తాత చెప్పాడు. టెక్కలి ఆటో అబ్బాయి బురద కాళ్లు చూసి సీటు మీద గోనెసంచి పరిచి, మనిషికి నలభై తీసుకున్నాడు.